నేలముచ్చును నడిపించిన తాత

మా ఊళ్లో ఒక తప్పు జరిగింది. చేసింది మా రీడింగ్ రూమ్ కమిటీ అధ్యక్షుడు. పేరు రాయను, హోదా చాలు. ఆ హోదా మా ఊళ్లో ఒక్కరికే ఉంది. రెండు వారాల కింద ఒక మంగళవారం పొద్దున, కూతురు అందించిన చాయ్ గ్లాసు అందుకోబోతూ, అందుకోకుండానే ట్రేసర్ తాత పోయాడు. ఐదో రోజున, ఇంకా దినం కూడా కాకముందే, అధ్యక్షుడు గారు రీడింగ్ రూమ్ తాళం తీయించి, తాత మూడేళ్లకు పైగా పిల్లలతో కలిసి గీసిన బొమ్మల కట్టలను మిర్చి బజ్జీల బండికి పంపించాడు. పొట్లాలు కట్టుకోవడానికి.

కోపంతో మొదలుపెట్టానని నాకు తెలుసు. తాత ఉంటే "ముందుగాల మనిషి గురించి రాయి బిడ్డా, కొట్లాట ఎటూ పోదు" అనేవాడు. అందుకని మనిషి గురించి రాస్తాను.

తాత మా ఊరివాడు కాదు. బొగ్గు గనుల ఊళ్లలో పనిచేసి రిటైరైనవాడు. ఆయన కూతురు నర్సు. ఆమెకు మా ఊరి దవాఖానాకు బదిలీ అయినప్పుడు, ఆమె వెంట రెండు ట్రంకు పెట్టెలతో దిగాడు. ఒకదాంట్లో బట్టలు, ఒకదాంట్లో వాడని ట్రేసింగ్ కాగితాలు. జూలూరుపాడుకు ఇవతల, పత్తి చేన్లు అయిపోయి టేకు చెట్లు మొదలయ్యే చోట ఉంటుంది మా ఊరు. గని మనిషి వస్తున్నాడంటే మేమంతా నల్లటి చేతులను ఊహించుకున్నాం. ఆయన చేతులు గోళ్లు కత్తిరించుకుని, పంతులమ్మ చేతుల్లా శుభ్రంగా ఉన్నాయి.

"గనిల ఏం పని చేసేటోడివి తాతా?" అని అడిగాను.

"నక్షాలు దించేటోన్ని" అన్నాడు.

భూమి కింద దారులు ఎటు పోయాయి, నీళ్లు ఎక్కడ నిలిచాయి, పైకప్పు ఎక్కడ పలచబడింది, ఇవన్నీ సర్వేవాళ్లు కొలిచి నక్షా గీస్తారట. దాని మీద పలచటి కాగితం పరిచి, గీత మీద గీత వేసి, అచ్చం అలాంటిదే ఇంకోటి దించేవాడు ట్రేసర్. "ముప్పై ఏండ్లు గీత కదలకుండ గీసిన బిడ్డా. వెంట్రుకంత కదిలినా కింద మనిషి పానం మీదికొస్తది" అన్నాడు.

అలాంటి మనిషి బొమ్మల సినిమా మొదలుపెట్టడానికి కారణం మా ఇంటి రేకులు.

నేను తొమ్మిదో తరగతి రాసి ఇంట్లో ఉన్న ఎండాకాలం. ఒక మధ్యాహ్నం కొండముచ్చుల మంద వచ్చి మా రేకుల మీద దబదబ దూకుతోంది. అమ్మ కర్ర పట్టుకుని అరుస్తోంది. మా అరుగు మీద కూర్చున్న తాత మాత్రం పైకి చూడడం లేదు. ఆ మందలోదే ఒకటి వీధి నడిమధ్య నడుచుకుంటూ పోతోంది. పైన చుట్టాలంతా ఇంటి మీంచి ఇంటి మీదికి గెంతుతుంటే ఇది కింద, తోక ఎత్తుకుని, ఏదో ఆఫీసులో పని పడినట్టు.

"గది ఎందుకు దుంకుతలేదు?" అన్నాడు తాత.

"కాలు ఇరిగిందేమో."

"కాలు మంచిగనే ఉన్నది. ఎట్ల నడుస్తున్నదో సూడు."

"అయితే భయమేమో."

తాత నా వైపు తిరిగాడు. "అవ్. భయమే కావొచ్చు" అన్నాడు, తన సంగతి ఎవరో చెప్పేసినట్టు.

మర్నాడు సాయంత్రం ఆయన నన్ను పిలిచి పన్నెండు ట్రేసింగ్ కాగితాలు చూపించాడు. అన్నిటి మీదా అదే కొండముచ్చు. అదే తోక, అదే నల్ల మొహం. కట్టను బొటనవేలి కింద పెట్టి జార్చేసరికి అది ఒక అడుగు వేసింది. బతికున్నదాన్ని చూసినప్పుడు కలగని సంతోషం ఆ పెన్సిలు గీతల్ని చూసి కలిగింది.

"ఒక సెకను నడిచింది. నాకు ఒక రోజు పట్టింది" అన్నాడు తాత నవ్వుతూ. "ఇన్నేండ్లు గీత కదలొద్దని కూసున్న. గిప్పుడు వెంట్రుకంత కదిలియ్యాలె. ఇందుల పని గంతే, కని శానా కష్టం."

అట్లా పుట్టాడు మా నేలముచ్చు. ఆ పేరు మేం పెట్టింది కాదు, సినిమాలో మంద పెట్టింది. కథ చిన్నదే. కొండముచ్చుల మందలో ఒకడికి దూకడమంటే భయం. అందరూ కొమ్మల మీద పోతే వాడు కింద నడిచి వస్తాడు. ఎప్పుడూ అందరికంటే ఆలస్యంగా చేరతాడు. మంద మాటలన్నీ మా పిల్లల గొంతులే. "ఒరేయ్, నువ్వు కొండముచ్చువి కాదురా, నేలముచ్చువి!" అని ఒకడు అరిస్తే, ఇంకొకడు "కింద ఏం దొరుకుతయిరా తినటానికి, చెప్పులా?" అంటాడు. ఆ చెప్పుల మాట కాగితంలో లేదు. రికార్డు చేస్తుంటే మా పిల్లోడొకడు నోటికొచ్చి అనేశాడు. తాత కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వి, ఉంచేయమన్నాడు. కొండముచ్చు అసలు కూత మాత్రం మా పక్క గూడెం నుంచి బడికొచ్చే అమ్మాయిది. ఆమె కూసిన రోజు రీడింగ్ రూమ్ వెనక చెట్టు మీంచి జవాబు వచ్చింది.

రీడింగ్ రూమ్‌లో పేపర్లు రావడం ఏనాడో ఆగిపోయింది. ఖాళీ గదిని తాత అడిగితే ఇదే కమిటీ ఇచ్చింది. ఆ మాట దాచను. అక్కడ గాజు పలక కింద ట్యూబ్‌లైటు పెట్టుకుని, దాని మీద ఒక కాగితం, పైన ఇంకో కాగితం పరిచి గీసేవాళ్లం. గీసిన ప్రతి కాగితాన్నీ నీళ్ల పైపుతో చేసిన స్టాండు మీంచి ఫోనుతో ఫొటో తీసేవాళ్లం. గుమ్మంలో బకెట్, సబ్బు. ఎవరైనా బజ్జీలు తిని వస్తే తాత లోపలి నుంచే వాసన పట్టేవాడు. "నూనె చేతులు బయటనే!" అని కేక. బొమ్మ పూర్తయితే ఆయన దాని మీద నోటితో ఊదేవాడు. ఇంకుతో గీసిన రోజుల అలవాటు. పెన్సిలు గీతకు తడి ఏముంటుంది తాతా అంటే, "ఊదకపోతే అయిపోయినట్టు అనిపియ్యది" అనేవాడు. కొన్నాళ్లకు పిల్లలందరూ ఊదడం మొదలుపెట్టారు. ఇప్పటికీ నేను పరీక్ష పేపరు ఇచ్చే ముందు ఊదుతాను.

ప్రతి కాగితానికీ కుడివైపు కింది మూలన ఒక చిన్న పెట్టె గీయించేవాడు. గని నక్షాలకు ఉంటుందట అట్లా. అందులో మూడు వరసలు: గీసినవారు, ట్రేస్ చేసినవారు, సరిచూసినవారు. మూడు సంతకాలూ పడితేనే ఫొటో. "సరిచూడని నక్షా గనిల దిగొద్దు. అది నా కొలువు నేర్పిన మాట" అనేవాడు. కోతి బొమ్మకు ఇంత కట్టుబాటా అని మేం నవ్వితే ఆయన నవ్వేవాడు కాదు.

సరిచూసే పని నాకు పడింది. ఎందుకంటే రెండో వారంలోనే నేను ఒక కాగితం పట్టుకుని గొడవ చేశాను. ముందు బొమ్మలో తోక ఎడమకు ఉంది, దీంట్లో కుడికి ఎట్లా వచ్చింది, ఎవరు గీశారిది అని ఆ కాగితాన్ని అక్కడికక్కడే చింపేశాను. గీసిన పిల్ల ఏడ్చింది. తాత ముక్కలు ఏరి, అంటించి, నా చేతిలో ఒక పచ్చ పెన్సిలు పెట్టాడు. "నీ కోపం మంచిదే బిడ్డా. తప్పు దొరకపడుతది దానికి. కని తప్పు కింద గీత గీసి ఆగు. చింపకు."

నేను అప్పటికే పోరాటాల గురించిన సన్నటి పుస్తకాలు చదువుతున్నాను. సభల దగ్గర, కొత్తగూడెం బస్టాండు బయట దొరికేవి. చదివినవన్నీ తెచ్చి తాతకు చదివి వినిపించేదాన్ని. ఆయన ఓపికగా వినేవాడు, మధ్యలో కళ్లద్దాలు తుడుచుకునేవాడు. ఒకసారి ఒక పుస్తకం అట్ట మీది బొమ్మను చాలాసేపు చూసి అన్నాడు: "ఇన్ని పిడికిళ్లున్నయి. ఒక్క మొఖం లేదేంది?" నాకు ఎంత కోపం వచ్చిందో! ఆ మాట ఇప్పుడు అట్ట చూసినప్పుడల్లా గుర్తొస్తుంది. అయినా ఆ పుస్తకాలు చదవడం మానలేదు, మానను.

నేలముచ్చు కొమ్మ చివర నిలబడి దూకలేక వణికే సీను గీస్తున్నప్పుడు, అసలు వాడికి భయం ఎందుకని పిల్లలు అడిగారు. తాత పెన్సిలు కింద పెట్టాడు. తనను కొలువులో చేర్చుకుంది గని లోపలి పనికేనట. మొదటి రోజు దింపారు. మనుషుల్ని దింపే తొట్టి కిందికి జారుతుంటే ఊపిరి అందలేదు. అడుగుకు చేరేసరికి స్పృహ లేదు. ఇంకో రెండుసార్లు దింపినా అంతే. చేతిరాత బాగుందని పైన నక్షాల ఆఫీసులో కూర్చోబెట్టారు.

"మా దోస్తులందరు కిందికి పోయేటోళ్లు. నేనొక్కన్నే పైన. నాకు 'పైనోడు' అని పేరు పెట్టిండ్రు. వాళ్లు షిఫ్టు దిగి నల్లగ మసి కొట్టుకొని వచ్చేటోళ్లు, నేను తెల్లంగితోని ఎదురొచ్చేటోన్ని. 'ఏందిరో పెండ్లికొడకా' అనేటోళ్లు."

"నువ్వు దించిన నక్షా పట్టుకునే కదా వాళ్లు దిగేది!" అన్నాను ఆవేశంగా.

"అవ్" అన్నాడు తాత. "అయితే ఏంది?"

ఆ 'అయితే ఏంది' నాకు అప్పుడు అర్థం కాలేదు. ఎనిమిది నెలల కింద చివరి సీను దగ్గర కూడా అర్థం కాలేదు.

అప్పుడే మా ఊరి రోడ్డును వెడల్పు చేయడానికి రెండు వైపులా చెట్లు కొట్టేశారు. కొండముచ్చులకు దూకే కొమ్మ లేకుండా పోయింది. సినిమా చివరికి అదే వచ్చింది: అడవిని చీలుస్తూ రోడ్డు పడుతుంది, మంద ఇవతల ఆగిపోతుంది. ఇక్కడ నేలముచ్చు ఏం చేయాలి? నేను నాలుగు పేజీలు రాసుకొచ్చాను. వాడు రాయి తీసుకుని పొక్లెయిన్ అద్దం పగలగొడతాడు, మంద వాణ్ణి భుజాల మీదికి ఎత్తుకుంటుంది, వాడు పిడికిలి బిగిస్తాడు. తాత మొత్తం విన్నాడు.

"మంచిగున్నది. కని ఇది నీ కథ. వీని కథ కాదు."

"మరి వీడేం చేస్తడు?"

"రోడ్డు దాటుతడు. నడిచే పోతడు. వాళ్లు వెనక వస్తే వస్తరు. అవతల చెట్లెక్కుతరు. వీడు కిందనే కూసుంటడు."

"అంతేనా? అందర్నీ దాటించినందుకు వీనికేం లేదా?"

"అందర్ని కాపాడితేనే మందల కలుపుకుంటరా బిడ్డా? ఊకె నడిచేటోనికి జాగ లేదా?"

ఇప్పుడు ఆ మాట రాస్తుంటే నా చెయ్యి ఆగింది. ఆరోజు ఆగలేదు. "ఇది లొంగిపోవుడు తాతా! కొట్లాట సంగతి నీకేం తెలుసు? నువ్వు ఎన్నడన్న దిగినవా? నువ్వు పైనోడివే!" అన్నాను. ఆయన నమ్మి చెప్పుకున్న పేరుతోనే ఆయన్ని కొట్టాను. పచ్చ పెన్సిలు రెండు ముక్కలు చేసి బల్ల మీద పడేసి వచ్చేశాను. గుమ్మం దగ్గర వెనక్కి చూస్తే తాత తన ముందున్న కాగితం మీద ఊదుతున్నాడు. దాని మీద ఇంకా ఏమీ గీయలేదు.

ఎనిమిది నెలలు ఆ గది మెట్టు ఎక్కలేదు. కాలేజీ బస్సు కోసం నిలబడితే ఎదురు అరుగు మీంచి తాత చెయ్యెత్తేవాడు. నేను ఫోను చూసుకునేదాన్ని.

మంగళవారం బస్సులో ఉండగా అమ్మ ఫోను చేసింది. దారిలో దిగి వెనక్కి వచ్చాను. అప్పటికి కూతురు ఆయనకు స్నానం చేయించింది. చిటికెన వేలు అంచున పెన్సిలు మసి మాత్రం పోలేదు.

ఏడో రోజున, కనీసం ఆయన గీతల్ని చూసుకుందామని రీడింగ్ రూమ్‌కు పోతే బీరువా ఖాళీ. గోడకు మాత్రం ఒక కొత్త పటం. అద్దం వెనక ఒకే ఒక్క ట్రేసింగ్ కాగితం, నేలముచ్చు. అధ్యక్షుడు గారు కుర్చీలు దులిపిస్తున్నారు.

"కట్టలేవి సార్?"

"గవన్ని గీసి పడేసిన కాగితాలేనమ్మా, బజ్జీల బండికి పంపిన. అన్నిటి మీద ఒక్కటే కోతి. ఎన్ని జూసినా గదే కోతి, గదే తోక. నేనేమన్న తెలివి లేనోన్నా? నమూనాకు ఒకటి తీసి పటం కట్టిచ్చిన, సూడు. పెద్దమనిషంటే నాకు గౌరవం లేదా?"

నిజంగానే గౌరవంతో చేశాడు. దండ కూడా వేయించాడు. తిట్లు అక్కడే వదిలి బజ్జీల బండి దగ్గరికి పరుగెత్తాను. ఫొటోలు తీసిన సీన్లన్నీ తాత ఫోనులో భద్రంగా ఉన్నాయి. కాగితం మీద మాత్రమే ఉన్నది చివరి సీను. అది పోతే మళ్లీ రాదు.

బజ్జీల అక్క నన్ను చూడగానే, "ఆ కోతుల కోసమేనా?" అంది. "వెన్న కాగితం లెక్క ఉన్నది, నూనె పీల్చదు, మంచిగనే దొరికిందనుకున్న. రెండు కట్టలు ఒడిసిపోయినయి చెల్లె, తప్పైంది. మూడోది చేతుల నుంచి జారింది. జారుతుంటే కోతి నడిచింది! నా కండ్ల ముందట నడిచింది! మళ్ల జార్చిన, మళ్ల నడిచింది. ఇటు నూనె మరుగుతున్నది, అటు గిరాకి నిలబడ్డది, నేనేమో కోతిని నడిపిచ్చుకుంట కూసున్న. అప్పటిసంది పాత పేపర్లల్లనే కడుతున్న."

పిండి డబ్బా వెనక గుడ్డలో చుట్టి దాచిన కట్ట తీసి ఇచ్చింది. చివరి సీనే. "దీనికి పెన్సిలు కట్టి ఉండె. మా బిడ్డ రాసుకుంటదని తీసిన. నీదైతే తీస్కో" అని కొంగు విప్పింది. పచ్చ పెన్సిలు. రెండు ముక్కలూ ఉన్నాయి. రెండింటినీ చెక్కి ఉంచాడు తాత.

పైకాగితం మీద ఆయన రాత: మొత్తం నూట నలభై నాలుగు. లోపల నంబర్లు నూట ఎనిమిది దాకా ఉన్నాయి. డెబ్బై ఒకటి లేదు, అది రీడింగ్ రూమ్ గోడ మీద దండ వేసుకుని ఉంది. మిగతా పిల్లలు పదో తరగతి చదువుల్లో పడితే ఆయన ఒక్కడే గీసుకున్నాడు. ప్రతి కాగితం మూలనా పెట్టె ఉంది. గీసినవారు: తాత. ట్రేస్ చేసినవారు: తాత. సరిచూసినవారు: ఖాళీ.

కట్ట పట్టుకుని ఆయన కూతురి దగ్గరికి పోయాను. "నేను ఫొటోలు తీస్త నాయినా, సినిమా అయిపోతది గదా అని ఎన్నిసార్లన్ననో" అందామె. "'సరిచూసేటామె రాలేదు, ఆగు' అన్నడు."

మొదట రాసిన తప్పు అధ్యక్షుడిది. ఇంకో తప్పు కూడా ఉంది. చేసింది నేను. ఆయనకు ఆ కాగితాల విలువ తెలియదు. నాకు తెలుసు. ఈ సినిమా ఆగింది ఆయన తాళం తీయించినందుకు కాదు, నేను మెట్టు ఎక్కనందుకు.

ఇంటికొచ్చి అమ్మ ముందు కట్ట జార్చాను. నేలముచ్చు రోడ్డు దాటాడు. వెనక ఒక్కొక్కటే, వేడి నేల మీద కాళ్లు ఎత్తెత్తి వేస్తూ మంద దాటింది. అవతలికి చేరగానే అన్నీ చెట్టెక్కిపోయాయి. నేలముచ్చు కింద కూర్చున్నాడు. కొంచెం సేపటికి చెట్టు మీంచి ఒకటి వెనక్కి దిగి రావడం మొదలుపెట్టింది. కనుబొమ్మలు ముడేసుకుని, ఎవరి మీదో కోపంగా.

"గిది నువ్వే గదనే!" అంది అమ్మ. "గీ ముడి ఇంకెవ్వరికున్నది?"

నూట ఎనిమిదో బొమ్మలో దాని కాలు నేలకు జానెడు పైన ఆగిపోయింది.

నాలుగు రోజులు కూర్చుని కట్టంతా సరిచూశాను. తొంభై రెండులో చెట్టు నీడ తప్పుకుంది. బహుశా చెయ్యి వణికి ఉంటుంది. కింద పచ్చ గీత గీసి ఆగాను. చింపలేదు.

ఇంకా ముప్పై ఆరు బొమ్మలు గీయాలి. మూడు సెకన్లు. నేనొక్కదాన్నే గీయగలను, కానీ గీయను. వచ్చే ఆదివారం పొద్దున సరిగ్గా తొమ్మిది గంటలకు రీడింగ్ రూమ్ వరండాలోకి రండి. తాళం వేసి ఉన్నా వరండా మనదే. ఒక్కొక్కరికి ఒక్క కాగితం. పక్కవాళ్లు గీసిన బొమ్మ మీద మీ కాగితం పరుచుకుని, వెంట్రుకంత కదిలించి గీస్తే చాలు. గీయడం రాదని ఇంట్లో ఉండిపోకండి, ట్రేస్ చేయడం ఎవరికైనా వస్తుంది. దమ్మపేట, కల్లూరు వైపు చదువులకు పోయిన మన పాత పిల్లలకు కూడా కబురు పెట్టండి. గుమ్మంలో బకెట్, సబ్బు ఉంటాయి. బజ్జీల అక్క ఆ పూట బండి పెట్టనని, చేతులు కడుక్కుని వస్తానని చెప్పింది. అధ్యక్షుడు గారూ, మీరూ రావాలి. వచ్చేటప్పుడు గోడ మీది పటం తీసుకురండి, డెబ్బై ఒకటో బొమ్మ అందులో ఉంది. మీకూ ఒక కాగితం తీసి పెడతాను. చివరి కాగితం తాత కూతురిది.

సరిచూడడానికి పచ్చ పెన్సిలు ముక్క ఒకటి నా దగ్గర ఉంటుంది. రెండోది బల్ల మీద పెడతాను, నన్ను సరిచూడాలనుకునేవాళ్ల కోసం.

అప్పటిదాకా ఆ కాలు గాల్లోనే ఉంటుంది. చెట్టు కింద నేలముచ్చు కూర్చుని ఉన్నాడు, పైకి చూడకుండా, పక్కన ఒకరు కూర్చునేంత జాగా వదిలి.